దూరపు సవారికి తగిన గుఱ్ఱపు పరిమాణము (ఉపన్యాసము)



ఎద్దులను కొనునప్పుడు రైతు రంగును, కొమ్ములను మాత్రమే చూడడు. మెడను, కాళ్లను, గిట్టలను పరీక్షించి, కాడికి తగునా తగదా యని యోచించిన పిమ్మటనే బేరమాడును. గుఱ్ఱమును కొనునప్పుడు మాత్రము చాలమంది ఎత్తును చూచి మోసపోవుదురు. పొడవైన గుఱ్ఱము సంతలో కంటికింపుగా నుండును. ధరయు నెక్కువ పలుకును. ఊరేగింపునకు అది చాలును. కాని ఒక్క దినమున ఏబది, నూఱు మైళ్లు సాగవలసిన దూరపు సవారికి ఎత్తు ప్రధానము కాదు. మోయు బరువునకు తగిన శరీరమును, ఆ శరీరమునకు తగిన కాళ్లును ప్రధానములు.

ఇందులకు నిదర్శనములు కలవు. 1919లో అమెరికా దేశమున, సైన్యమునకు పనికివచ్చు గుఱ్ఱముల నెఱుగుటకై, 5 దినములలో సుమారు 300 మైళ్లు నడిపించు పరీక్ష జరిగెను. 200 పౌనుల బరువు మోసి అందు మొదట నిలిచినది రామ్లా అను అరబ్బీ గోడిగ. అరబ్బీ గుఱ్ఱములు సాధారణముగా 57 మొదలు 61 అంగుళముల యెత్తు మాత్రమే యుండును. 1955లో కాలిఫోర్నియా పర్వతములలో ఆరంభమైన టెవిస్ పందెమున 24 గంటలలో 100 మైళ్లు ముగింపవలెను. అందును తఱచుగా గెలుచునవి ఈ జాతివే. కృష్ణలో కలియు భీమానది పరిసరములలోని భీమథడి గుఱ్ఱములు ఇంకను పొట్టివి. అయినను వానిపై మరాఠా సైనికులు దూరదేశములకు దండెత్తిరి. ధనగర్ గొఱ్ఱెల కాపరులు నేటికిని వలసపోవునప్పుడు వానిచే సామాను మోయించుచున్నారు.

దీనికి కారణము స్పష్టము. పరుగున కండరములు వేడెక్కును. ఆ వేడి చెమట మూలమున చర్మము నుండి పోవలెను. దేహము పెరిగిన కొలది బరువు హెచ్చునంతగా చర్మపు వైశాల్యము హెచ్చదు. కావున మిక్కిలి స్థూలమైన గుఱ్ఱము త్వరగా చల్లబడదు. ఎండకాలమున దాని కష్టము మరింత అధికమగును.

అట్లని మిక్కిలి చిన్నదానిని కొనుటయు తగదు. రౌతు కొద్దీ గుఱ్ఱమను సామెత బరువు విషయమునను సత్యమే. రౌతు, జీను, కంబళి, నీటితిత్తి మొదలగువాని మొత్తము బరువు గుఱ్ఱపు బరువులో అయిదవ వంతునకు మించకుండుట మేలు. ఒహాయోలో జరిగి 2008లో ప్రకటింపబడిన పరిశోధనయందు, బరువు నాల్గవ వంతును, అంతకు మించియు నుండినప్పుడు గుఱ్ఱముల గుండె వేగము హెచ్చి, వెన్ను కండరములకు నొప్పి కలిగినట్లు తేలినది.

తూనికరాయి లేకున్నను గుఱ్ఱపు బరువును కనుగొనవచ్చును. ముంగాళ్ల వెనుక, జీనుపట్టీ పడుచోట ఎదచుట్టు కొలతను అంగుళములలో తీసికొని, దానిని దానితోనే హెచ్చింపవలెను. వచ్చిన దానిని, భుజపు కొన నుండి పిరుదు కొన వఱకు గల నిడివితో హెచ్చించి, 330చే భాగించినచో సుమారైన బరువు పౌనులలో వచ్చును. ఎదచుట్టు 70, నిడివి 60 అంగుళములైనచో బరువు సుమారు 890 పౌనులు. అందు అయిదవ వంతు 178. రౌతు 150 పౌనులు, జీను సామాను 25 పౌనులు అయినచో ఈ గుఱ్ఱము సరిపోవును. రౌతు 200 పౌనులవాడైనచో సరిపోదు. బరువైన గుఱ్ఱమునైన వెదకవలెను, భారమునైన తగ్గించుకొనవలెను.

లెక్క సరిపోయినంత మాత్రమున బేరము ముగింపరాదు. వెన్ను కుఱుచగను, నడుము బలముగను, ఎద లోతుగను ఉండవలెను. మోకాలి దిగువ యెముక దేహమునకు తగినంత లావుగా నుండవలెను. గిట్టలు గట్టివై, పగుళ్లు లేక, ఒకదానితో నొకటి సమముగా నుండవలెను. పెద్ద దేహమును సన్నని కాళ్లు మోయుచున్నచో, ధర తగ్గించినను విడిచిపెట్టుటయే లాభము.

మాంసపుష్టియు చూడదగినది. టెవిస్ పందెపు గుఱ్ఱములను పరిశీలించి 1999లో ప్రకటించిన దాని ననుసరించి, పందెము ముగించుటకు రౌతు బరువు కన్న గుఱ్ఱపు పుష్టియే ముఖ్యముగా కనబడినది. మిక్కిలి చిక్కినవి నడుమనే నిలిచిపోయినవి. ప్రక్కటెముకలు కంటికి కనబడక, చేతికి తగులుచుండుట మంచి గుర్తు. వయస్సును మఱువరాదు. ఎముకలు ముదురకముందే భారమెత్తినచో కాళ్లు చెడును. టెవిస్ పందెమునకు ఆఱేండ్లు నిండని గుఱ్ఱమును రానీయరు.

కొనుటకు ముందు గుఱ్ఱమును కొన్ని మైళ్లు నడిపించి, దించిన పిదప దవడ క్రింది నాడిని చూడవలెను. అంతర్జాతీయ పందెములలో, నియమిత కాలములో నాడి సాధారణముగా నిమిషమునకు 64కు దిగనిచో పశువైద్యులు ముందునకు పోనీయరు. రౌతును మోసిన పిమ్మట త్వరగా తేరుకొను గుఱ్ఱమే తగిన పరిమాణము గలది.

గుఱ్ఱము తన భారము హెచ్చైనదని నోటితో చెప్పజాలదు. అది కుంటినప్పుడు గాని యజమానునకు తెలియదు. అప్పటికి పెట్టిన సొమ్మును పోవును, మూగజీవి బ్రతుకును చెడును. సంతకు పోవునప్పుడు చేత నొక కొలతనాడ నుంచుకొని, తన బరువు తానెఱిగి బేరమాడు రైతునకు ఈ నష్టము కలుగదు.