చేపకు పట్టిన పురుగు ఏది?



వరికి తెగులు తగిలిందని అనుమానం వస్తే మీరేం చేస్తారు? చేలో దిగుతారు. దుబ్బు విడదీస్తారు, ఆకు తిరగేస్తారు. మొదట్లో దోమ ఉందా, కాండంలో పురుగు ఉందా అని తేల్చుకున్నాకే మందు మాట. మరి చేపల చెరువు దగ్గర ఈ పద్ధతి ఎందుకు మరిచిపోతున్నాం? గట్టున నిలబడి, చేపలు ఎగురుతున్నాయి కనుక పేను పట్టిందనుకొని, మందు తెచ్చి పోస్తున్నాం. పుండొక చోట, మందొక చోట అన్నట్లవుతోంది. ఖర్చు పోయి, చేప బాగుపడక, పైగా బొచ్చె తినే సన్న నీటిపురుగులు చచ్చిపోతున్నాయి.

అంచేత చేపకు పట్టిన పురుగును కంటితో చూసి ఎలా పోల్చుకోవాలో చెప్పుకుందాం.

చేప తవుడు సంచి దగ్గరకు సరిగా రాకపోవడం, గెడలకు ఒళ్లు రాచుకోవడం, ఉండి ఉండి ఎగరడం, ఇవన్నీ ఒంట్లో బాగాలేదని చేప చెప్పే మాటలే. అయితే బాధ ఏమిటో వీటినిబట్టి తేలదు. చేపను పట్టి చూడాల్సిందే.

తెల్లటి బేసినులో చెరువు నీళ్లు పోసి గట్టున సిద్ధంగా ఉంచుకోండి. నాలుగు మూలలా విసురు వల వేసి పది చేపలు పట్టండి. శీలావతి తప్పక ఉండాలి, పేనుకు అదంటే మహా ఇష్టం. పట్టిన చేపను గడ్డిమీద పడెయ్యకుండా వెంటనే బేసినులో వెయ్యండి. చేపను నీళ్లలోంచి తీయగానే పేను దాన్ని వదిలి జారిపోతుంది. గడ్డిలో పడితే మీకు కనపడదు, తెల్ల బేసినులో అయితే ఈదుతూ దొరికిపోతుంది.

ఇప్పుడు చూడండి. పెసరబద్దంత, కందిబద్దంత ఉండి, బల్లపరుపుగా, అవతలిది కనిపించేటంత పలుచగా, రెండు నల్ల కన్నులతో చర్మంమీద పాకుతూ ఉంటే అది చేపపేను. దీన్నే ఆర్గులస్ అంటారు. రెక్కల మొదళ్లలోనూ, పొట్ట కిందా వెతకండి. అది కుట్టినచోట ఎర్రని మచ్చ ఉంటుంది. ఆ మచ్చలే తరువాత పుండ్లవుతాయి.

పాకకుండా, దారపు ముక్కలా ఒంటినుంచి బయటకు వేలాడుతూ ఉంటే అది లంగరు పురుగు. తల మాంసంలో పాతుకొని ఉంటుంది. తోక కొసన రెండు సన్నని గుడ్ల సంచులుంటాయి. మెత్తగా సాగుతూ, ముడుచుకుంటూ, రెండు కొసలా అంటుకొనేది జలగ.

ఒంటిమీద ఏమీ లేకపోతే మొప్ప ఎత్తి చూడండి. ఎర్రగా ఉండవలసిన మొప్ప పాలిపోయి, జిగురు పట్టి ఉంటే మొప్ప పురుగును అనుమానించాలి. అది చాలా చిన్నది, భూతద్దం కావాలి. తెల్లని బుడిపెలుంటే అది వేరే జబ్బు. ఒక చేపను మీ మత్స్య సహాయకుడికి చూపించండి.

ఇంకొక తేడా. తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తూ, పొద్దెక్కగానే సర్దుకుంటే, అది చాలావరకు ప్రాణవాయువు లోటు. దానికి పురుగుమందు పోస్తే మరింత కీడు. పొద్దెక్కినా అలాగే ఉంటే మాత్రం మొప్పలు తప్పక చూడండి.

పేను అని తేలిందనుకోండి. దాని సంగతి కొంచెం తెలుసుకోవాలి. ఆడపేను చేపమీద గుడ్లు పెట్టదు. చేపను వదిలి, గట్టి వస్తువు వెతుక్కొని, వరుసలు వరుసలుగా వందల గుడ్లు అంటిస్తుంది. మన చెరువులో గట్టి వస్తువేది? తవుడు సంచి కట్టిన గెడే! మేత కోసం పాతిన గెడ పేనుకు పురిటిల్లవుతోంది. మందు తిరిగే పేనును చంపుతుందిగాని గుడ్డును చంపదు. మన వేడి నీళ్లలో రెండు మూడు వారాలకు గుడ్లు పొదిగి, పేను మళ్లీ మొదలవుతుంది. మందు పని చెయ్యలేదని మోతాదు పెంచుతాం. తప్పు మందుది కాదు, గెడది.

కనుక గెడలు రెండు జతలుంచుకోండి. ఒక జత నీటిలో ఉంటే రెండోది గట్టుమీద ఎండలో ఉండాలి. వారానికొకసారి మార్చండి. ఎండిన గుడ్డు పొదగదు. ఖర్చు లేని మందు ఇది. పట్టుబడి అయ్యాక చెరువును నెర్రెలు విచ్చేదాకా ఎండబెట్టండి. కొత్త పిల్లను వదిలేముందు కొన్నిటిని తెల్ల బేసినులో వేసి పరీక్షించండి.

పేను మరీ ఎక్కువైతే మందు తప్పదు. అయితే పేను రొయ్య జాతిది. దాన్ని చంపే మందు చాలావరకు రొయ్యనూ చంపుతుంది. మీ నీళ్లు పక్క రొయ్యల చెరువులోకి పోతాయా అన్నది ముందు చూసుకోండి. ఎకరాలు, నీటి లోతు కొలిచి, మత్స్యశాఖవారిని అడిగి మోతాదు వెయ్యండి. గుడ్లు పొదిగాక రెండోసారి ఎప్పుడు వెయ్యాలో, పట్టుబడికి ఎన్నాళ్ల ముందు ఆపాలో కూడా అడగండి.

చూసి మందు వెయ్యండి, వేసి చూడకండి. రేపు ఉదయమే విసురు వలా, తెల్ల బేసినూ పట్టుకొని చెరువుకు బయలుదేరండి. సెలవు.