ఎప్పుడు కదలాలి?



మా ఫిలింనగర్ ఎత్తుపల్లాల సంగతి మా మోకాళ్ళకు తెలుసు. అయినా, "జూబ్లీహిల్స్‌లో అపోలో పక్కనే ఉందిగా, వృద్ధుల కాలనీకి ఇప్పుడే ఎందుకండీ?" అంటుంది మా ఆవిడ. నిజమే. కానీ అలాంటి చోట్ల చాలావరకు తమ పనులు తాము చేసుకోగలిగినవారినే చేర్చుకుంటారు. మంచాన పడ్డాక వెళ్దామంటే కుదరదు. పైగా, నా తర్వాత ఆమె ఒక్కర్తే కొత్తచోట పరిచయాలు వెతుక్కోవడం నాకిష్టం లేదు. అందుకని సంక్రాంతి వెళ్ళాక మూడు నెలలు అద్దెకుండి చూస్తాం.

ఇల్లు మాత్రం అమ్మం. పిల్లల పేర రాసెయ్యమనేవారూ ఉన్నారు లెండి! రాస్తే, మమ్మల్ని చూసుకోవాలన్న షరతు దస్తావేజులోనే ఉండాలి. అప్పుడు వారు మాట తప్పితే, 2007 నాటి వృద్ధుల సంరక్షణ చట్టం 23వ సెక్షన్ కింద ట్రిబ్యునల్ దాన్ని రద్దు చేయగలదు.

డిపాజిట్‌లో ఎంత తిరిగిస్తారు, ఒకరు పోతే రెండోవారికి హక్కేమిటి అని కాలనీవారికి ఉత్తరం రాశాను. జవాబు ఇంకా రాలేదు.