ఇంటి వీడియోలకు ఏ సాఫ్ట్‌వేర్?
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను లెక్కల మాస్టారుగా రిటైరయినవాణ్ని, సినిమా ఎడిటర్‌ను కాను. కోరుట్లలో మా ఇంట్లో పనిచేసే వీసీఆర్ ఒకటి ఉండటం వల్ల చుట్టుపక్కల వాళ్లు పెళ్లి క్యాసెట్లు తెచ్చి ఇవ్వడం మొదలుపెట్టారు. అట్ల పదిహేనేండ్లుగా జగిత్యాల నుంచి సిరిసిల్ల దాకా ఎవరెవరి ఇండ్ల వీడియోలో నా కంప్యూటర్ మీదుగా పోయినై. అందరూ అడిగే ప్రశ్న ఒకటే: "సార్, ఎడిటింగ్‌కు ఏ సాఫ్ట్‌వేర్ మంచిది?" దానికే జవాబు చెప్పమని సంఘం వాళ్లు ఇరవై నిమిషాలు ఇచ్చారు.

ముందు మన ఇండ్లల్లో ఏమేం ఉన్నాయో చూద్దాం. ఎనభైల చివర నుంచి వీహెచ్ఎస్ క్యాసెట్లు. మన దిక్కు ఇంటికొకరు దుబాయ్, మస్కట్, బహ్రెయిన్ పోయినోళ్లే కదా. పెళ్లికి రాలేని అన్న కోసం ఒక కాపీ అక్కడికి పోయేది. తరువాత చిన్న మినీ డీవీ టేపులు, ఆ తరువాత సీడీలు, డీవీడీలు, ఇప్పుడు ఫోన్లు. వీసీఆర్‌ల తయారీ 2016లోనే ప్రపంచమంతటా ఆగిపోయింది. ఉన్న మిషన్లు మూలకు పడితే క్యాసెట్టు ఉన్నా చూసే దారి లేదు. కాబట్టి ఎడిటింగ్ మాట తరువాత, ముందు క్యాసెట్టును కంప్యూటర్‌లోకి ఎక్కించుకోవాలి. ఎక్కించిన ఆ మొదటి ఫైలును ముట్టుకోకుండా రెండు హార్డ్ డిస్కుల్లో పెట్టాలి, ఒకటి మీ ఇంట్లో, ఒకటి తమ్ముని ఇంట్లో. మినీ డీవీ టేపు గంటకు దాదాపు 13 జీబీ పడుతుంది. ఇవాళ్టి డిస్కులకు అది లెక్క కాదు.

ఇక సాఫ్ట్‌వేర్. మీకు గుర్తుందో లేదో, 2000లో విండోస్ ఎంఈతో మూవీ మేకర్ అని వచ్చింది. చాలామందికి అదే ఓనమాలు. 2017 జనవరి 10తో మైక్రోసాఫ్ట్ దాన్ని ఆపేసింది. అందులో చేసిన ప్రాజెక్టు ఫైళ్లు దాచుకున్నవాళ్లు ఇప్పుడు నా దగ్గరికి తెస్తారు, తెరవమని. ఆ ఫైలులో వీడియో ఉండదు. ఎక్కడ కోయాలి, ఎక్కడ అతకాలి అనే సూచనలే ఉంటాయి. సిరిసిల్ల వాళ్లకు ఈ మాట తేలిగ్గా అర్థమవుతుంది: జకార్డు అట్టలు బీరువాలో ఉన్నంత మాత్రాన చీర ఉన్నట్టు కాదు. పని అయిపోగానే పూర్తి వీడియోను ఎంపీ4గా బయటికి తీసి పెట్టుకోవాలి. ఏ సాఫ్ట్‌వేర్ కొన్నా, కొనకున్నా ఇది తప్పదు.

ఫోన్ యాప్‌ల సంగతీ అంతే. 2020 జూన్ 29న కేంద్ర ప్రభుత్వం ఒక్క దెబ్బకు 59 యాప్‌లను నిషేధించింది. ఆ జాబితాలో టిక్‌టాక్‌తో పాటు వివా వీడియో అనే ఎడిటింగ్ యాప్ కూడా ఉంది. నిషేధం మంచిదా చెడ్డదా అన్నది వేరే సభలో మాట్లాడుకుందాం. మన బిడ్డ తొట్టెల పండుగ వీడియో ఒక యాప్ లోపల మాత్రమే ఉండకూడదు, నా మాట అంతవరకే.

కొత్త సాఫ్ట్‌వేర్ ఏది తీసుకున్నా నేను మొదట చేసే పరీక్ష ఒకటుంది. టైటిల్ పెట్టే చోట మన మూడు ఊళ్ల పేర్లు తెలుగులో కొట్టి చూస్తాను: జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల. మూడింటిలోనూ వత్తులున్నాయి. త కింద య, ట కింద ల, ల కింద ల సరిగ్గా కూర్చుంటే ఆ సాఫ్ట్‌వేర్‌కు తెలుగు వచ్చు. వత్తు పక్కకు జరిగి పొల్లు బయటపడితే పెళ్లికూతురి పేరు కూడా అట్లనే పాడవుతుంది. ఇంకో చిక్కు, ప్రింటింగ్ ప్రెస్‌లో అను ఫాంట్లతో కొట్టిన శుభలేఖ మ్యాటర్ తెచ్చి ఇందులో అతికిస్తే పిచ్చి గీతలు వస్తాయి. యూనికోడ్‌లో మళ్లీ కొట్టుకోవాల్సిందే. మండలి, రామభద్ర లాంటి ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి.

పాత క్యాసెట్ల వాళ్లకు రెండో పరీక్ష. మన దేశపు పాత వీడియో పాల్ పద్ధతిది, సెకనుకు 25 ఫ్రేములు. కొత్త సాఫ్ట్‌వేర్‌లో చాలా సార్లు 30 అని ముందే పెట్టి ఉంటుంది. అది చూసుకోకపోతే బరాత్‌లో గుర్రం కుంటుతున్నట్టు కనిపిస్తుంది. మనుషులు కదిలినప్పుడు దువ్వెన పళ్లలాంటి గీతలు వస్తే డీఇంటర్‌లేస్ అనే సదుపాయం కావాలి. అది లేనిది మనకు పనికిరాదు.

ఇప్పుడు పేర్లు చెబుతాను, రాసుకోండి. అటూ ఇటూ కత్తిరించి ఒక ముక్క తీసుకోవడమే పని అయితే లాస్‌లెస్‌కట్ చాలు. వీడియోను మళ్లీ కొత్తగా తయారు చేయకుండా ఉన్నదాన్ని ఉన్నట్టే కోస్తుంది. మళ్లీ మళ్లీ తయారు చేయడమంటే జిరాక్స్‌కు జిరాక్స్ తీయడమే, ప్రతిసారీ కొంత మసకబారుతుంది. నాలుగు ముక్కలు కలిపి, పేర్లు పెట్టి, పాట కలపాలంటే షాట్‌కట్, లేదా కేడెన్‌లైవ్. రెండూ ఉచితం, వీడియో మీద వాళ్ల ముద్ర వేయవు. వాటి ప్రాజెక్టు ఫైలు మామూలు అక్షరాల్లో ఉంటుంది, అవసరమైతే నోట్‌ప్యాడ్‌లో తెరిచి చదవచ్చు. విండోస్ 11 ఉన్నవాళ్లకు క్లిప్‌చాంప్ ముందే ఉంటుంది, ఐఫోన్ వాళ్లకు ఐమూవీ ఉంది. నేర్చుకోను ఓపిక లేనివాళ్లకు అవీ చాలు.

మన ఇంజనీరింగ్ పిల్లలు డావించి రిజాల్వ్ పెట్టుకోమంటారు. సినిమా వాళ్లు రంగులు దిద్దే సరుకు అది, ఉచిత రకం కూడా ఉంది, గొప్పదే. కానీ మంచి గ్రాఫిక్స్ కార్డు, 16 జీబీ ర్యామ్ లేని కంప్యూటర్‌లో అది నడవదు, నడిపించాలని చూసే మనకు ఓపిక ఉండదు. వేములవాడలో తీసిన పుట్టువెంట్రుకల వీడియోకు అంత అవసరమా? ఇదే జగిత్యాల జిల్లా మల్యాల మండలం లంబాడిపల్లి నుంచి శ్రీరాం శ్రీకాంత్ మొదలుపెట్టిన మై విలేజ్ షో ప్రపంచంలోని తెలుగువాళ్లందరికీ చేరింది. జనం చూసింది గంగవ్వ మాట కోసం. ఎగిరే అక్షరాలు, తిరిగే పూలు ఎన్నున్నాయని సాఫ్ట్‌వేర్‌ను ఎంచుకునేవాళ్లు ఈ సంగతి కొంచెం ఆలోచించాలి.

ఆ మాటకొస్తే ఏది కోయాలన్నదే అసలు కష్టం. మధ్య మానేరు కింద చింతల్‌ఠాణా, కోడుముంజ, నీలోజిపల్లి లాంటి ఊళ్లు మునిగిన సంగతి సిరిసిల్ల, వేములవాడ వాళ్లకు నేను చెప్పనక్కరలేదు. అట్లాంటి ఒక ఊరి నుంచి మా మేనత్త, ఆమె మనుమడు తొంభైల నాటి పెళ్లి క్యాసెట్టు తెచ్చారు. అందులో బరాత్ పదకొండు నిమిషాలు. కెమెరా ఆయన వాడంతా తిరిగాడు, అరుగులు, వేపచెట్టు, బోరింగు దగ్గర బిందెలు. పిల్లగాడు దాన్ని ఇరవై సెకన్లకు తెద్దామన్నాడు, మీద ఒక డీజే పాట పెడదామన్నాడు. మా అత్త తెర మీద వేలు పెట్టి, "గిదే కద బిడ్డా మా వాడ. గిది కోస్తే ఇంకేమున్నది? నువ్వు పుట్టినంక ఈ ఊరు చూసినవా?" అన్నది. పిల్లగాడు మౌస్ వదిలేశాడు. అప్పుడు మేం చేసిన పని, బరాత్ మొత్తం అట్లనే ఉంచి, ఆమె చెబుతుంటే ఏ ఇల్లు ఎవరిదో కింద తెలుగులో పేర్లు పెట్టడం. షాట్‌కట్‌లో రెండు సాయంత్రాలు పట్టింది. ఆ వీడియో ఇప్పుడు ఆ ఊరి వాళ్లు పునరావాస కాలనీలో కూర్చుని చూస్తారట.

పాటల సంగతి కూడా అందుకే చెబుతున్నాను. అప్పటి స్టూడియోల వాళ్లు చాలా క్యాసెట్లలో మనుషుల మాటలు తీసేసి ఆసాంతం సినిమా పాటలు నింపారు. అప్పగింతలప్పుడు నాన్న ఏమన్నాడో, అవ్వ ఏం పాడిందో ఇక దొరకదు. మీరు ఇప్పుడు చేసేదాంట్లో అసలు శబ్దం ఒక ట్రాక్‌లో, పాట ఇంకో ట్రాక్‌లో పెట్టండి. మాటలు వచ్చే చోట పాట తగ్గించండి. రెండు ట్రాక్‌లు ఇవ్వని యాప్‌ను తీసుకోకండి.

చివరగా, గల్ఫ్‌కు పంపేటప్పుడు వాట్సాప్‌లో మామూలుగా పంపితే నాణ్యత సగానికి సగం పోతుంది. డాక్యుమెంట్‌గా జత చేసి పంపండి, 2 జీబీ వరకు పోతుంది, ఫైలు ఉన్నది ఉన్నట్టే చేరుతుంది.

నా వీసీఆర్ ఇంకా నడుస్తున్నది. క్యాసెట్లున్నవాళ్లు తీసుకురండి, పైసలేం వద్దు, ఖాళీ హార్డ్ డిస్క్ మాత్రం మీరే తెచ్చుకోండి. క్యాసెట్టు కిటికీలోంచి చూస్తే టేపు మీద తెల్లటి బూజు కనిపిస్తే దాన్ని ఏ మిషన్లోనూ పెట్టకండి. టేపూ పోతుంది, మిషనూ పోతుంది. ముందు నాకు చూపించండి.