కంటి పొరల్లో దాగినది కాంతి చెబుతుంది
(హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పెన్షనర్ల సంయుక్త సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



రూపాయి బిళ్లను గ్లాసు నీళ్లలో వేస్తే కనబడుతుంది, పాలలో వేస్తే కనబడదు. కారణమేమి? పాలలోని సన్నని కొవ్వు కణాలు కాంతిని అన్ని దిక్కులకూ చెదరగొడతాయి. మన చర్మమూ, కొంతవరకు కంటి లోపలి పొరలూ ఇటువంటివే. మరి కోయకుండా లోపల దాగినదాన్ని చూడడం ఎట్లా?

ధర్మవరం చెరువులో రెండు రాళ్లు వేయండి. అలలు కలిసినచోట కొన్ని పొంగుతాయి, కొన్ని అణిగిపోతాయి. కాంతికీ ఈ గుణముంది. ఒకే కాంతిని రెండు పాయలుగా చీల్చి, ఒకటి అద్దం మీదికి, మరొకటి కంటిలోకి పంపుతారు. తిరిగివచ్చిన పాయలు రెండూ నడిచిన దూరం సమానమైతేనే వాటి అలలు జత కూడతాయి. లోపల దారితప్పి తిరిగిన కాంతి ఆలస్యంగా వస్తుంది కనుక జత కూడదు. ఏ లోతు నుంచి ఎంత కాంతి వచ్చిందో ఈ విధంగా లెక్కగట్టి, పొరల బొమ్మ గీస్తారు. చర్మం వంటి వాటిలో ఇది ఒకటి రెండు మిల్లీమీటర్ల లోతే చూడగలదు. కంటి వెనుక ఉండే రెటీనా మందం సుమారు పావు మిల్లీమీటరే కాబట్టి అక్కడికి ఇది చాలు.

దీని పేరు ఓ.సి.టి. అమెరికాలో ఎం.ఐ.టి.కి చెందిన డేవిడ్ హువాంగ్, జేమ్స్ ఫుజిమోటో ప్రభృతులు దీనిని 1991 నవంబరు 22న 'సైన్స్' పత్రికలో ప్రకటించారు. విశేషమేమంటే, మన పుట్టపర్తి దగ్గర సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రిని అప్పటి ప్రధాని పి.వి. నరసింహారావు గారు ప్రారంభించినదీ ఆ రోజే.

ఇక మనకు కావలసిన మాట. షుగరు ఉన్నవారికి రెటీనా మధ్యభాగంలో నీరు చేరవచ్చు. నొప్పి ఉండదు, మొదట్లో చూపూ తగ్గకపోవచ్చు. "పేపరు చదువుతున్నాను కదా" అని ఊరుకుంటాం. ఓ.సి.టి. అయితే ఆ వాపును మిల్లీమీటరులో వందో వంతు తేడాతో సహా పట్టిస్తుంది. సూది లేదు, ఎక్స్‌రే లేదు, కొద్ది నిమిషాల పని. అయితే శుక్లం బాగా ముదిరితే కాంతి లోపలికి పోక బొమ్మ సరిగా రాదు. చుక్కల మందు వేసి డాక్టరు చేసే పరీక్షకు ఇది తోడే గాని బదులు కాదు.

కాబట్టి షుగరున్న ప్రతి ఒక్కరూ ఏడాదికొకసారి రెటీనా పరీక్ష చేయించుకోవాలని మనవి. డాక్టరు ఓ.సి.టి. రాస్తే వాయిదా వేయవద్దు. పాత రిపోర్టులు తీసుకుపోండి, పోల్చి చూస్తేనే మార్పు తెలుస్తుంది. చుక్కల మందు తరువాత కొన్ని గంటలు చూపు మసకగా ఉంటుంది గనుక స్కూటరు నడపక, ఇంటివారినొకరిని వెంటబెట్టుకొని పోండి.

పెన్షను నెలనెలా వస్తుంది. రెటీనా దెబ్బతిని పోయిన చూపు చాలాసార్లు తిరిగి రాదు.