కట్టకముందు చూచు బొమ్మ

(తల్లిదండ్రుల సభలో ప్రధానోపాధ్యాయుని ప్రసంగ పాఠము)



మన షోలాపూరు బడికి క్రొత్త గదులు కట్టనెంచి, వాని బొమ్మను ఆఫీసు గదిలో వ్రేలాడదీసిన నాటినుండి మీలో పలువురు మమ్ము అడుగుచున్నారు. ఇది ఫోటోయా, చేతితో వేసిన చిత్రమా? దీనికి సొమ్మెందుకు? బడి అచ్చముగ ఇట్లే యుండునా? ఈ పని మాకును మొదటిదే. నేర్చుకొన్నదియు, పొరపడినదియు మీ ముందుంచుట మా విధి. ఏలనగా ఆ సొమ్ము మీరు మగ్గముల మీదను, బీడీల చేటల ముందును కూర్చుండి సంపాదించినది.

ఇది ఫోటో కాదు. లేని కట్టడమునకు ఫోటో యెట్లు తీయగలరు? ఆర్కిటెక్టు ప్లానులోని కొలతలను బట్టి కంప్యూటరులో గోడలను, కిటికీలను, మెట్లను లేపి, వానిపై వెలుగు ఎట్లు పడునో లెక్క కట్టించి తీసిన బొమ్మ. పూర్వము దీనినే నీటిరంగులతో వేసెడివారు. ఇంగ్లండులో హంఫ్రీ రెప్టన్ (1752–1818) అను ఉద్యానశిల్పి, ఉన్న తోటను చూపి, పైనున్న కాగితపు రెక్క ఎత్తగానే రాబోవు తోట కనబడునట్లు పుస్తకములు కూర్చెడివాడు. చూచువారికి కోరిక పుట్టించుటకే గదా!

నేతపనివారికి మేము ఎక్కువ చెప్పనక్కరలేదు. జకార్డు చద్దరుకు డిజైను మొదట గళ్ల కాగితముపై వేయుదురు. అప్పుడు పువ్వు మార్చవలెనన్న రబ్బరు ముక్క చాలును. అట్టలు కొట్టిన పిదప మార్చవలెనన్న అట్టలే మరల కొట్టవలెను. ఈ బొమ్మల పనిలోను గళ్ల కాగితము వంటి దశ యొకటి కలదు. దానినే మేము జారవిడిచితిమి.

మొదట బొమ్మ యెవరికి చూపుటకో తేల్చుకొనవలెను. కట్టుటకు అనుమతి నిచ్చువారు చూచునది ప్లాను; మా బొమ్మ దాతల కొరకు. అందుచే ముందువైపు ఒకటి, వరండా ఒకటి చాలినవి. పిదప ప్లాను, స్థలపు ఫోటోలు, గోడరంగు, బండల వివరము పంపితిమి. ఎన్ని బొమ్మలు, ఎన్ని మారులు దిద్దుదురు, ఎప్పటికి ఇత్తురు అనునవి కాగితముపై వ్రాసికొంటిమి. బొమ్మ పరిమాణము కూడ వ్రాసికొనుట మేలు. ఏ3 కాగితముపై స్పష్టముగ అచ్చగుటకు, అంగుళమునకు 300 చుక్కల చొప్పున, ఒకవైపు 4961, ఒకవైపు 3508 చుక్కలు కావలెను.

కొన్ని దినములకు రంగులేని బూడిదవన్నె రూపమును పంపిరి. మెట్లెక్కడ, కిటికీలెన్ని, ఏ చోట నిలిచి చూచినట్లు చూపవలెను — ఇవి పరీక్షించవలసిన వేళ అదియే. కమిటీ వారము ఆరుగురము దానిని చూచి, "ఇంకను పూర్తి కాలేదు, రంగులు వేసిన పిదప చూతము" అనుకొని సమ్మతి వ్రాసి పంపితిమి.

రంగుల బొమ్మ వచ్చినది. నీలాకాశము, ఎన్నడును చూడని చెట్ల వరుస, రెండు కార్లు! మేమందరము మురిసితిమి. మన ఆయమ్మ మాత్రము చూచి, "సార్, గంట కట్టిన వేపచెట్టు ఏది?" అనెను. చెట్టు లేదు. ప్లాను తీసి చూడగా మెట్లు సరిగ ఆ చెట్టు మొదటనే వచ్చుచున్నవి. ఆ మూల ఫోటో మేము పంపలేదు. ఆర్కిటెక్టుకును చెట్టు సంగతి చెప్పలేదు. ఏ వేప నీడను మీ పిల్లలు అన్నము తినుచున్నారో, ఆ వేపను కొట్టుటకు మేము తెలియకయే సంతకము చేసియుంటిమి.

మరునాడు ఏడవ తరగతి బాలిక యొకతె, "బడి ముఖము ఉత్తరము గదా సార్, ఇంత ఎండ ముందరి గోడపై యెట్లు పడినది?" అని అడిగెను. సెప్టెంబరు చివరినుండి మార్చి మూడవ వారము వరకు మన ఉత్తరపు గోడకు ఎండపొడ సోకదు. నీడలో ఆ లేతపసుపు వేరుగ కనబడును. దిక్కు వ్రాసి పంపుట మేము మరచితిమి. భూగోళము చెప్పినది మేము, పట్టుకొన్నది ఆమె.

మెట్లను పడమటికి జరిపించితిమి. రూపమునకు సమ్మతించిన పిదప గోడలు కదల్చుట దిద్దుబాటు కాదు, క్రొత్త పని. అదనపు రుసుము పడినది. బొమ్మ చేసినవారి తప్పు లేదు. ఆ రుసుమును కట్టడపు నిధినుండి తీయక మేమారుగురము పంచుకొంటిమి.

ఫ్లాటు కొనదలచినవారికి ఒక మాట. అమ్మువారి బొమ్మలో గది విశాలముగ తోచుట తరచు వెడల్పు కటకపు చూపు వలననే. ప్లానులో అడుగులు లెక్కించుకొనుడు. ప్రకటనలోని అబద్ధమును నమ్మి సొమ్ము కట్టి నష్టపోయినవారికి పరిహారము ఇప్పించు సెక్షను, 12వది, 2016 నాటి స్థిరాస్తి చట్టములో కలదు. ఆ కాగితమును పారవేయకుడు.

ఇప్పుడు గోడనున్న బొమ్మలో వేప ఉన్నది. కార్లు లేవు. పూలకుండీలకు మన లెక్కలో సొమ్ము లేదు గావున వానినిని తీయించితిమి. క్రింద "ఊహాచిత్రము" అని వ్రాయించితిమి. ప్రక్కనే ప్లాను కలదు. పునాది త్రవ్వులోపల వచ్చి రెంటిని పోల్చి చూడుడు. తేడా కనబడిన మాతో చెప్పుడు. స్థలము కొలచుటకు టేపు మా బల్ల సొరుగులో నున్నది.