పాతవీధుల పునరుద్ధరణము



గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు పట్టణములకు మీరు సంతకో, కచేరీ పనికో, పెండ్లిబట్టలకో పోవుచునే యుందురు. 2016 అక్టోబరులో ఈ మూడును జిల్లా కేంద్రములైనవి. కచేరీలు వచ్చినవి, బండ్లు పెరిగినవి, నేల వెల హెచ్చినది. ఆ బరువంతయు ముందుగా పడునది పాతవీధులమీదనే. వానిని బాగుచేయునప్పుడు ఎవరి మాట వినవలెననునదే నేటి ప్రసంగ విషయము.

బాగుచేయుట యనగానే వెడల్పుచేయుట యని మనకు తోచును. గొలుసుతో కొలుతురు, గోడలపై ఎఱ్ఱగుర్తులు వేయుదురు, అరుగులు పోవును. వెడల్పు అక్కఱలేదని నేననను. రోగిని గొనిపోవు బండియు, నిప్పంటుకొన్నప్పుడు నీళ్ళబండియు దూరలేని సందు ప్రమాదకరమే. అయితే ఎంత, ఎచ్చట, ఎవరి గోడ యను లెక్క వీధిలో నిలిచి తేల్చవలసినది.

గద్వాల చీరనే తీసికొనుడు. దాని యొడలు నూలు, అంచును కొంగును పట్టు. ఆ రెంటిని అతుకు తెలియకుండ కలుపుటయే అచ్చటి నేర్పు. గుంటమగ్గము ఇంటిలోనే యుండును. కండెలు చుట్టుట మొదలు ఇంటిల్లపాదికిని పనియే. కాని నూలుపడుగును సాగదీసి, గంజి పట్టించి, కుంచెతో దువ్వుటకు ఇల్లు చాలదు. మన చేనేత ఊళ్ళలో తరతరములుగా ఆ పనికి తెల్లవాఱుజామున తిన్నని వీధియే చోటు. వీధి వారికి త్రోవ మాత్రమే కాదు, పనిముట్టు కూడను. మఱియొక సంగతి. పాత రోడ్డును త్రవ్వక దానిపైననే పొరమీద పొర వేసినచో, వీధి గడపకన్న ఎత్తగును. అప్పుడు తొలకరి నీరు మొట్టమొదట దిగునది మగ్గపు గుంటలోనికే. ఈ మాట పటములో కనబడదు. కండెలు చుట్టు ముసలమ్మ నడుగుడు, చెప్పును.

పాట్రిక్ గెడ్డీసు అను స్కాట్లండు దేశీయుడు 1914లో మన దేశమునకు వచ్చి, అనేక పట్టణముల సందుగొందులు కాలినడకను తిరిగెను. పాతపేటను నిలువునా చీల్చి రాజమార్గము వేయుట ఆయనకు గిట్టలేదు. కూలిన యిండ్లను మాత్రము తొలగించి, మంచివానిని నిలిపి, దొరికిన ఖాళీలో చెట్టు నాటించుట ఆయన పద్ధతి. ఇండోరు సంస్థానమునకు ఆయన వ్రాసిన నివేదిక 1918లో అచ్చయ్యెను. అచ్చట మహామారి చెలరేగి, జనులు అధికారులను నమ్మక యుండిరి. గెడ్డీసు, ఏ వీధివారు తమ యిండ్లను బాగుగా శుభ్రపఱచి మరమ్మతు చేయుదురో ఆ వీధులగుండనే పండుగ ఊరేగింపు సాగునని చాటించెను. జనులు తమంత తామే చీపుళ్ళు పట్టిరి. దండనకు లొంగని వీధి గౌరవమునకు లొంగెను!

మనకిపుడు చట్టమే అండగా నున్నది. 2019 నాటి తెలంగాణ పురపాలక చట్టము ప్రతి వార్డునకు నాలుగు సంఘములను విధించినది; అందొకటి యువకులది, ఒకటి స్త్రీలది, ఒకటి వృద్ధులది, ఒకటి ప్రముఖులది. 2014 నాటి వీధి విక్రేతల చట్టము ప్రకారము పట్టణ విక్రయ సంఘమున నూటికి 40 మందికి తక్కువ గాకుండ ఆ విక్రేతలే యుండవలెను. కావున వినుమని యడుగుట యాచన కాదు.

పాతకట్టడములును ఉపయోగముచేతనే నిలుచును. వనపర్తి రాజభవనమున 1959లో పాలిటెక్నిక్ కళాశాల ప్రవేశించెను. నాటినుండి ఆ గదులకు పిల్లల సందడి తోడైనది. వీధి కూడ అట్టిదే. రంగులు పూసి దీపములు పెట్టినంతమాత్రమున బ్రతుకదు. పైగా, బాగుపడిన వీధిలో అద్దె హెచ్చును. అద్దెయింట మగ్గము పెట్టుకొన్నవాడు మూట గట్టుకొని పోయినచో ఆ అందమెవరికి? ఇల్లు గలవారితోపాటు అద్దెవారిని గూడ సభకు పిలువుడని నేను గట్టిగా కోరుదును.

ఆ సభను పగలు కచేరీలో పెట్టినచో మగ్గము దిగి ఎవరును రారు. సాయంకాలము ఆ వీధి అరుగులమీదనే జరుపవలెను. పాత బావి ఎచ్చట పూడినదో, వాననీరు ఏ దిక్కుగా పాఱెడిదో పెద్దలు చెప్పగా వ్రాసికొనవలెను. పిదప, తలపెట్టిన హద్దును నేలమీద సున్నముతో గీసి, వారము దినములు అట్లే విడువవలెను. పడుగు సాగునో లేదో, కూరగాయల తట్ట ఎచ్చట దిగునో, పెండ్లి ఊరేగింపు మలుపు తిరుగునో లేదో ఆ వారములో కనబడును. చెఱిపి తిరిగి గీయుటకు పిడికెడు సున్నము చాలును. గునపము అటుపిమ్మటనే.