'రిలీవ్' అను మాట



'రిలీవ్' అను ఆంగ్లక్రియకు 'తగ్గించు' అను నొక్క అర్థమునే మా ఎనిమిదవ తరగతి బాలురు వల్లించుచున్నారు. మందు నొప్పిని తగ్గించును, సరియే. కాని బదిలీయైన ఉపాధ్యాయుని రిలీవ్ చేసిరన్నచోట 'తగ్గించిరి' అని వ్రాసినచో నవ్వులపాలే. అచట 'విధులనుండి విడుదల చేసిరి' అనవలెను. కావలివానిని రిలీవ్ చేయుట యనగా అతని స్థానమున వేరొకడు వచ్చి నిలుచుట. ఈ మాటకు లాటినులో మరల పైకెత్తుట, తేలికచేయుట అని మూలార్థము. అన్నింటను దిగునది బరువే.

ఇక బిడ్డ జ్వరము తగ్గినదని విని తల్లి రిలీవ్ అయినచో? ఒక బాలుడు 'తల్లి ఉపశమించెను' అని వ్రాసెను! ఇంట అవ్వను అడిగి రమ్మంటిమి. మరునాడు 'తల్లి మనసు తేలికపడినది' అని వ్రాసికొని వచ్చెను. తాను చూచిన నిఘంటువున ఆ మాట లేదట.